ఎక్కడాయన కిటికీ

మా మావయ్యగారు ఫైర్ స్టేషన్లో ఇరవై ఏడేళ్ళు పనిచేశారు. ఒక్క మంటనైనా కళ్ళారా చూడలేదు. ఈ మాట ఆయన ముందు అనకూడదు. అంటే ఆ పూట మా ఇంట్లో మంట చూడొచ్చు.

ఆయన ఉద్యోగం ఫోన్ గదిలో. ఇంజన్లు నిలిపే షెడ్డు పక్కన, వెనక ఆవరణలోకి తెరుచుకునే పెద్ద అద్దాల కిటికీ ఉన్న చిన్న గది అది. ఒక బల్ల, ఒక కుర్చీ, నల్ల ఫోను, గోడ నిండా ఊరి పటం, చేతికందే ఎత్తులో గంట మీట. ఫోన్ మోగితే ఎత్తాలి, చోటు కనుక్కోవాలి, గంట కొట్టాలి, చీటీ రాసి డ్రైవరు చేతిలో పెట్టాలి. ఇంజను గేటు దాటాక మళ్ళీ వచ్చి ఫోను ముందు కూర్చోవాలి. మిగతావాళ్ళు మసి మొహాలతో తిరిగొచ్చి కథలు చెప్పుకుంటుంటే కిటికీలోంచి వినాలి.

ఒకసారి గొంతు సవరించుకుని ఫోన్ ఎత్తేవారు, హలో అనేవారు కాదు. "ఎక్కడ?" అనేవారు. ఎవరు, ఏమిటి, ఎలా అన్నవన్నీ తర్వాతే. లైను మధ్యలో తెగిపోయినా, చోటు తెలిస్తే ఇంజను కదులుతుంది, పేరు తెలిస్తే కదలదు అని ఆయన సిద్ధాంతం. చోటు చెప్పగానే "అక్కడే ఉండండి, వస్తున్నాం" అని పెట్టేసేవారు. ఈ రెండు ముక్కలతోనే ఉద్యోగమంతా లాగించారు. అందుకే స్టేషన్లో ఆయన పేరు ఎక్కడాయన.

ఇంట్లోనూ అంతే. నా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ నాతో మాట్లాడాలని ఫోన్ చేసింది. ఈయన ఎత్తి "ఎక్కడ?" అన్నారు. మా అమ్మ హడలిపోయి "వంటింట్లో" అంది. "అక్కడే ఉండండి" అని చెప్పి ఈయన నన్ను పిలవడానికి వచ్చారు. నేను వెళ్ళి ఫోన్ అందుకునేసరికి ఆవిడ స్టవ్ ఆపేసి, కిటికీలన్నీ తెరిచి, ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది.

నాదీ ఫోన్ ఎత్తే ఉద్యోగమే, ఆసుపత్రిలో విచారణల కౌంటరు. "నమస్కారం, ఎవరు మాట్లాడుతున్నారండీ?" అంటానని తెలిసి ఆయన తల పట్టుకున్నారు. "ఎవరైతే ఏంటమ్మా నీకు? ముందు ఎక్కడో అడుగు!" నేనూ ఊరుకునే రకం కాదు. "మాకు మంటలు రావు మావయ్యగారూ, బిల్లుల గురించి వస్తాయి" అన్నాను. మేమిద్దరం ఇలా వాదించుకోవడం అత్తయ్యకి సరదా. చిత్రమేమిటంటే ఇంత ఫోన్ మనిషి తనంతట తాను ఎవరికీ ఫోన్ చెయ్యరు. మోగితే ఎత్తడమే. నంబరు నొక్కడం ఆయన జాతకంలో లేదు.

ఆయన ప్రాణస్నేహితుడు స్టేషన్లో పెద్ద డ్రైవరు. బ్రేకుల బాబాయి అని మా ఆయన చిన్నప్పుడు పెట్టిన పేరు ఇంకా నడుస్తోంది. ఇంకొకరు నడిపే బండిలో కూర్చుంటే ఆ బాబాయికి కుదురుండదు, ఎదురుగా ఏమీ లేకపోయినా కుడికాలితో బ్రేకు తొక్కుతూనే ఉంటారు. మావయ్యగారి చీటీలో చోటొక్కటే ఉండేది కాదు. "రెండో మలుపులో రోడ్డు తవ్వారు, వెనక సందున పో", "గేటు లోపలికి తెరుచుకుంటుంది, గుద్దేయకు" అని కూడా ఉండేది. బాబాయి ఆ చీటీ నోట కరుచుకుని బండి తీసేవారట. ఊరి సందులన్నీ ఈయన కుర్చీలో కూర్చునే తిరిగితే, బాబాయి ఈయన రాత పట్టుకుని తిరిగారు.

అలాంటి ఇద్దరూ పధ్నాలుగేళ్ళుగా మాట్లాడుకోలేదు. కారణం ఒక ఫోటో.

ఏటా ఒకసారి పై అధికారి తనిఖీకి వచ్చేవారు. ఆ రోజు పొద్దున్న పదింటికి అందరూ ఇస్త్రీ బట్టలు, పాలిష్ బూట్లు వేసుకుని ఆవరణలో రెండు వరసల్లో నిలబడితే ఫోటో తీసేవారు. మావయ్యగారు చేరిన మొదటి ఏడు, సరిగ్గా ఆ వేళకి ఆయన డ్యూటీలో ఉన్నారు. ఎవరినైనా కూర్చోబెట్టి రమ్మన్నారట. ఈయన కదల్లేదు. "అందరూ బూట్లు చూసుకుని మురిసిపోయే రోజే ఎక్కడో అంటుకుంటుంది. నేను లేకుండా తీసుకోండి" అన్నారు. అన్నారే గానీ, "నువ్వు లేకుండా ఎలా?" అని ఎవరో ఒకరు అంటారని చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఎవరూ అనలేదు. సరే అని వెళ్ళి నిలబడ్డారు.

అన్నం వద్దని అలిగి, ఎవరూ బతిమాలలేదని ఇంకా అలిగే బాపతు మా మావయ్యగారు. ఆ మరుసటి ఏడు నుంచి తనిఖీ రోజు పొద్దుటి డ్యూటీ తనే అడిగి వేయించుకునేవారు. ఫోటోలన్నీ మేడమీద అధికారి గదిలో తగిలిస్తే ఒక్కసారీ తలెత్తి చూడలేదు. సంతకం కోసం ఆ గదిలోకి వెళ్ళాల్సి వచ్చినా చూపు బల్ల మీదే ఉంచేవారట.

రిటైరైన సాయంత్రం బాబాయి మా ఇంటికి వచ్చారు, చంకలో పాత పేపర్లో చుట్టి పురికొస కట్టిన ఫ్రేముతో. నేను టీ పెట్టి తెస్తున్నాను, మాటలు వినపడ్డాయి.

"ఏంట్రా అది?"

"ఈ ఏటి ఫోటో అన్నయ్యా. నీకోసం కట్టించాను. విప్పి చూడు."

"నేను లేని ఫోటో నాకెందుకు? నీ గోడకే తగిలించుకో."

బాబాయి మొహం జేవురించింది. ఏదో చెప్పబోయారు. అంతలో ఆయనకీ పౌరుషం పొడుచుకొచ్చింది. "విప్పనైనా విప్పనివాడికి ఏం చెప్తాం" అని ఫ్రేము మళ్ళీ చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. రెండు కప్పుల టీ నేనే తాగాను, ఏం చేస్తాను.

అంతే. ఇద్దరి ఇళ్ళకీ మధ్య పావుగంట దూరం. ఆడవాళ్ళిద్దరూ మాత్రం వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు, వీళ్ళ మోకాళ్ళూ వాళ్ళ బీపీలూ అటూ ఇటూ చేరవేస్తూనే ఉన్నారు. పోయిన వారం అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"బ్రేకుల బాబాయి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నారట. గురువారం ప్రయాణం. ఇక ఇటు రారు. ఈయన ఒక్కమాట మాట్లాడకుండా పంపించేస్తే, ఆ తర్వాత కుమిలిపోతాడే. నాకు తెలుసు."

"నేనేం చెయ్యను అత్తయ్యా?"

"స్టేషన్ని మ్యూజియం చేశారుగా, తీసుకెళ్ళు. ఆ గోడల మధ్య నిలబడితే మనసు మెత్తబడుతుందేమో. నాతో అయితే రాడు. నీతో పోట్లాడ్డానికైనా వస్తాడు."

నిజమే, పోట్లాడుతూనే వచ్చారు. శనివారం పొద్దున్న నాకు సెలవు. దారి పొడుగునా ఒకటే గొడవ, పనికిరాని కట్టడానికి రంగులేసి జనానికి చూపించడమేంటని. గేటు దగ్గర ఆగి మాత్రం నెమ్మదిగా అన్నారు, "ఇక్కడ పనిచేశానని ఎవరితోనూ అనకమ్మా. ఏం పని అని అడుగుతారు."

"సరే, దారిన పోయే దానయ్య అని చెప్తాను" అన్నాను.

మూడు పెద్ద ఎర్ర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ముక్కు దగ్గర ఇత్తడి గంట ఉన్న పాత ఇంజను, గోడలకి నిచ్చెనలు, నీళ్ళ గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టే ఎత్తైన చట్రం. తడి రబ్బరు వాసన ఇంకా పోలేదు. మావయ్యగారు గుమ్మంలోనే కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. తర్వాత నేను చూస్తున్నానని గుర్తొచ్చి దగ్గారు.

మాతో ఇంకో ఎనిమిదిమంది ఉన్నారు. గైడు నలభై దాటిన ఆవిడ, ఎర్ర కోటు, గొంతులో భక్తి. పై అంతస్తు నుంచి జారే ఇత్తడి స్తంభం చూపించి, అద్దాల పెట్టెలో తోలు టోపీలు చూపించి, బూట్ల వరస దగ్గరికి తీసుకొచ్చారు. ఒక్క దూకులో తొడుక్కునేలా ప్యాంట్లు ముందే బూట్లలోకి దోపి, గోడవైపు ముక్కులు పెట్టి నిలబెట్టారు. మావయ్యగారు నాలుగు క్షణాలు ఓర్చుకున్నారు. ఐదో క్షణంలో వంగి ఒక్కో జతనీ ఇటు తిప్పసాగారు.

"అయ్యో, ముట్టుకోకూడదండీ!"

"గోడవైపు పెడితే దూకి గోడకేసి పరిగెడతారా అమ్మా? ముక్కులు తలుపు వైపుండాలి."

గైడు ఒక క్షణం ఆలోచించి, తనూ వంగి రెండు జతలు తిప్పారు. ఆవిడ నాకు అప్పుడే నచ్చేశారు. "మీకెలా తెలుసండీ?" అని అడిగితే, "ఎవరో చెప్పగా విన్నాను" అన్నారు మావయ్యగారు, నావైపు కళ్ళెర్రజేసి.

తర్వాత మేడమెట్లు. అధికారి గది ఇప్పుడు ఫోటోల గది. మూడు గోడల మీద ఏడాదికొకటి చొప్పున వరసగా తనిఖీ ఫోటోలు. మావయ్యగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మోకాలు నొప్పి అన్నారు. మోకాలు నొప్పి అత్తయ్యది.

గైడు ఒక ఫోటో ముందు నిలబడి గొంతు తగ్గించారు. "గమనించండి. రెండు వరసల్లోనూ సరిగ్గా మధ్యలో ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. విధినిర్వహణలో ప్రాణాలర్పించిన సహచరుడి కోసం ఏటేటా ఆ చోటు వదిలేవారు." టోపీ పెట్టుకున్న ఒకాయన టోపీ తీశారు. ఇంకొకావిడ కళ్ళు తుడుచుకున్నారు.

గుమ్మం దగ్గర్నుంచి కేక. "ఎవరూ పోలేదమ్మా! ఇరవై ఏడేళ్ళలో ఒక్కరూ పోలేదు! ఒకడికి చెయ్యి విరిగింది, అదీ మెట్ల మీంచి జారి. లేనివాళ్ళని చంపకండి!"

మోకాలు నొప్పి మరిచిపోయి లోపలికి వచ్చేశారు. గైడు తెల్లబోయారు. "మరి ఈ ఖాళీ ఎందుకంటారండీ?"

"నాకేం తెలుసు? నేను..." అని ఆగిపోయారు.

నాకో చెడ్డ అలవాటుంది. కౌంటరులో ఎవరైనా కాగితాలు తెస్తే పై నుంచి కిందికి కాదు, మొదటి తారీఖు నుంచి చివరి తారీఖు దాకా వరసగా చూస్తాను. ఇక్కడా అదే చేశాను. మొదటి గోడ మీద పాత ఫోటోల్లో ఖాళీ లేదు. భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. తర్వాత ఒక ఏటి నుంచి మధ్యలో చీలిక. అంచున రాసిన సంవత్సరం చూశాను. అది మావయ్యగారు ఉద్యోగంలో చేరిన ఏడు. అక్కడి నుంచి వరసగా ఖాళీ, ఖాళీ, ఖాళీ. ఇరవై ఏడు లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిదోదానిలో మళ్ళీ భుజానికి భుజం.

ఫోటోకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళాను. ఖాళీలోంచి వెనక గోడ కనిపిస్తోంది. గోడకి కిటికీ. కిటికీలో ఒక మనిషి, చెవి దగ్గర ఫోను.

"మావయ్యగారూ, ఒకసారి ఇటు రండి."

"నేను చూడను."

"రండి అంటున్నానా!" ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన మీద అంత గొంతు ఎప్పుడూ లేపలేదు. ఆయన వచ్చారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. చూశారు. పక్క ఫోటో చూశారు. దాని పక్కది చూశారు. ఒకదానిలో ఆవలిస్తున్నారు. ఒకదానిలో పటం వైపు తిరిగి ఉన్నారు, వీపే పడింది. ఒకదానిలో నోరు తెరిచి అరుస్తున్నారు, ముందు వరసలో తలలన్నీ సగం వెనక్కి తిరిగి మొహాలు చెదిరిపోయాయి.

"దూది గోదాం," అన్నారాయన. "సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. వీళ్ళంతా పాలిష్ బూట్లతో పరిగెత్తారు."

"అంటే వీరు..." అంటున్నారు గైడు. నేను తలూపాను.

మావయ్యగారు ఎవరితోనూ కాకుండా మాట్లాడుతున్నారు. "నాకు వీళ్ళ వీపులు కనిపించేవి. మధ్యలోంచి ఫోటోగ్రాఫరు కనిపించేవాడు. ఫోన్ వస్తే నేను పిలవడానికి వీలుగా అలా నిలబడ్డారనుకున్నా. అతను నాకు కనిపిస్తున్నాడంటే నేనూ అతనికి కనిపిస్తానని తట్టలేదమ్మా. ఒక్క ఏడూ తట్టలేదు."

ఇంకో మాట కూడా అన్నారు. "వాడు ఏటా ఆ పొద్దున్నే వచ్చి నా కిటికీ అద్దం తుడిచేవాడు. పాత పేపరు తడిపి, లోపలా బయటా. పెద్ద దొరగారి మెప్పు కోసం అనుకుని తిట్టేవాడిని, నా వెలుగుకి అడ్డం నిలబడకురా అని."

వాడు అంటే ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

గైడు మెల్లగా ఇరవై ఏడో ఫోటో వైపు చెయ్యి చూపించారు. మిగతావన్నీ ఈ గదిలోవే, ఆ ఏటిదొక్కటే ఇక్కడ లేక బయటి నుంచి వచ్చిందట. "ఆరు నెలల కిందట ఒక డ్రైవరుగారు తెచ్చిచ్చారండీ. పాత పేపర్లో చుట్టి ఉంది, పురికొస కూడా విప్పలేదు. విప్పాల్సినవాళ్ళు విప్పలేదు, మీరైనా విప్పండి అన్నారు."

అన్నిటిలోకీ అదే స్పష్టంగా ఉంది. అద్దం మీద ఒక్క మరక లేదు. కిటికీలో మావయ్యగారు నున్నగా తల దువ్వుకుని, నిటారుగా కూర్చుని, తిన్నగా మనవైపే చూస్తున్నారు. చివరి తనిఖీ కదా అని దువ్వుకున్నారట. ఖాళీకి ఎడంపక్కన నిలబడ్డ బ్రేకుల బాబాయి ఒక భుజం పక్కకి ఒంచి ఉన్నారు, ఇంకాస్త చోటు ఇవ్వడానికి.

నేను ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఒక్క పురికొస విప్పి ఉంటే సరిపోయేదానికి ఇద్దరు ముసలివాళ్ళు పధ్నాలుగేళ్ళు పారేసుకున్నారని కోపం, ఇరవై ఏడేళ్ళు ఎవరూ గొప్ప చెప్పుకోకుండా ఒక మనిషికి చోటు వదిలారని సంతోషం. రెండూ ఒక్కసారే వచ్చేశాయి.

మావయ్యగారు ఏడవలేదు. "కిందకి పద" అన్నారు.

ఫోన్ గదికి తాడు కట్టి ఉంది. గైడు తాడు విప్పేశారు. ఆయన లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, ఎత్తు చూసుకుని, బల్లకి దగ్గరగా జరుపుకున్నారు. కిటికీ అద్దం మీద వేలితో గీశారు. దుమ్ము. నల్ల ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, దించేశారు.

"ఇందులో ప్రాణం లేదు" అన్నారు. నావైపు చూడకుండా చెయ్యి చాపారు. "నీ దాంట్లో వాడి నంబరుందా?"

ఉంది. అత్తయ్య ఎప్పుడో ఎక్కించింది. నేను నొక్కబోతే "నేను నొక్కుతాను" అన్నారు. ఆకుపచ్చ గుర్తు రెండుసార్లు తప్పారు, మూడోసారి నొక్కారు. పెద్దగా వినపడేలా పెట్టింది నేనే, ఒప్పుకుంటాను.

"ఆఁ, చెప్పమ్మా" అంది అవతలి గొంతు. నా నంబరు కదా, నేననుకున్నారు.

అవతలివాళ్ళ మాట వినడమే తెలిసిన మనిషి, ముందు తను మాట్లాడాలంటే ఏమనాలో తెలియక కూర్చుండిపోయారు. అలవాటు కొద్దీ గొంతు మాత్రం సవరించుకున్నారు, ఫోను ఎత్తే ముందు సవరించుకున్నట్టే.

అవతల సామాన్లు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. బాబాయి గొంతు వినిపించింది.

"ఎక్కడ?"

మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "స్టేషన్లో. కిటికీ దగ్గర."

"అక్కడే ఉండు. వస్తున్నా."

లైను తెగింది. మావయ్యగారు గోడ గడియారం చూసి, బల్ల సొరుగు లాగి కాగితం కోసం వెతికారు. గైడు తన పుస్తకంలోంచి ఒక పేజీ చింపి ఇచ్చారు. ఆయన టైము రాసి, కింద గీత గీశారు. నేను సీసాలో నీళ్ళతో నా సంచీలోని పాత పేపరు తడిపి అద్దం తుడవడం మొదలుపెట్టాను. "వెలుగుకి అడ్డం నిలబడకు" అన్నారు, తిట్టలేదు.

బాబాయి ట్యాక్సీ దిగి ఆవరణలోకి నడిచి వచ్చారు. చేతికర్ర ఉంది, కుడికాలు దారంతా బ్రేకు తొక్కి అలిసిపోయినట్టుంది. తిన్నగా లోపలికి రాలేదు. ఫోటోకి నిలబడే చోట, కిటికీకి ఎదురుగా నిలబడ్డారు.

మావయ్యగారు గడియారం చూసి, కాగితం మీద రెండో టైము రాశారు.

"ఇరవై రెండు నిమిషాలు," అన్నారు కిటికీలోంచి. "బాగా ఆలస్యమైందిరా."

"చీటీ ఇవ్వలేదుగా అన్నయ్యా," అన్నారు బాబాయి.